రోములో రాత్రి భోజనం – షుగరు మందు ఎప్పుడు?

విదేశాలలో ఉన్న పిల్లలను చూడడానికి వెళ్ళే తల్లిదండ్రులు మన సంఘ కుటుంబాలలో చాలామందే ఉన్నారు. జర్మనీలోనో ఇంగ్లండులోనో కొడుకు దగ్గర కొన్నాళ్ళు ఉండి, పిల్లల సెలవుల్లో అందరూ కలిసి రోము, ఫ్లోరెన్సు, వెనిస్ చూసి రావడం ఇప్పుడు మామూలయింది. ప్రయాణానికి ముందు చక్కెర వ్యాధి ఉన్నవారు సాధారణంగా అడిగేది "అక్కడ నేను ఏమి తినవచ్చు?" అని. మంచి ప్రశ్నే. కానీ దానికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. "రాత్రి మందు ఎన్ని గంటలకు వేసుకోవాలి?" పాస్తా ఎక్కువ తింటే ఆ రాత్రి షుగరు పెరుగుతుంది, మరునాడు సర్దుకోవచ్చు. మందు వేసుకున్నాక పాస్తా రాకపోతే మాత్రం గంటలోనే ప్రమాదం.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రికి 62 ఏళ్ళు. ఇంటి దగ్గర ఉదయం, రాత్రి గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర, దానితోపాటు 30/70 ఇన్సులిను. రాత్రి ఏడున్నరకు సూది, ఎనిమిదికి అన్నం. ఇన్నేళ్ళుగా గడియారం తప్పలేదు, ఎందుకంటే వంటింట్లో అమ్మ ఉంది. రోములో ఆ రోజు ఉదయం నుంచి కొలోసియం, ఫోరం, సాయంత్రం సెయింట్ పీటర్స్. అంతా నడకే. మధ్యాహ్నం ఒంటిగంటకు నిలబడి తిన్న ఒక శాండ్‌విచ్. ఏడున్నరకు బసలో అలవాటు ప్రకారం సూది, మాత్ర. అక్కడి నుంచి రెస్టారెంటుకు నడక. ఎనిమిదికి కూర్చున్నారు. మనుమరాలికి పిజ్జా, కోడలికి చేప, అందరికీ ఏమి కావాలో తేలేసరికి ఎనిమిదీ ఇరవై. ముందు నీళ్ళు వచ్చాయి, తరువాత ఆలివులు. పాస్తా వచ్చేసరికి తొమ్మిది. అప్పటికి ఆయన చొక్కా తడిసిపోయింది, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతున్నారు. "నాన్నగారు అలసిపోయారు, పాపం" అంటాడు కొడుకు. అది అలసట కాదు.

ఎందుకు ఇలా జరుగుతుంది?

ఇటలీలో రాత్రి భోజనం ఆలస్యం. చాలా రెస్టారెంట్లలో మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో వంటగది మూస్తారు, మళ్ళీ తెరిచేది ఏడు, ఏడున్నరకు. స్థానికులు ఎనిమిది దాటాకే వస్తారు. వచ్చాక కూడా అన్నీ ఒకేసారి వడ్డించరు. ముందు చిరుతిండి వంటి ఆంటిపాస్తో, తరువాత ప్రీమో అనే పాస్తా లేదా అన్నం వంటకం, తరువాత సెకొందో అనే మాంసం లేదా చేప, పక్కన కూరగాయలు, చివర తీపి. ఒక్కో వంతు మధ్య తీరికగా కబుర్లు. వాళ్ళ దృష్టిలో తొందరపెట్టకపోవడమే మర్యాద. మన ఇళ్ళలో కంచం ముందు కూర్చోగానే అన్నం పడుతుంది కాబట్టి ఈ తేడా మనకు తట్టదు.

30/70 ఇన్సులినులోని త్వరగా పనిచేసే భాగం సూది వేసిన సుమారు అరగంటకు పని మొదలుపెడుతుంది. కడుపులో ఆహారం ఉందా లేదా అని అది చూడదు. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు కూడా క్లోమం చేత ఇన్సులిను విడుదల చేయిస్తాయి, తిన్నా తినకపోయినా. (మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ భయం చాలా తక్కువ.) దీనికి నడక తోడవుతుంది. పగలంతా నడిచిన కండరాలు, నడక ఆపాక కూడా కొన్ని గంటలపాటు రక్తంలోని చక్కెరను లాక్కుంటూనే ఉంటాయి.

గడియారం తేడా కూడా ఉంది. ఇటలీ సమయం వేసవిలో మనకన్నా మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనుక. మన ఊరి నుంచి నేరుగా వచ్చినవారికి అక్కడ రాత్రి ఎనిమిది అంటే వేసవిలో మన లెక్కన పదకొండున్నర. మొదటి రోజు చేతి గడియారాన్ని మార్చనివారు "నా సమయం దాటిపోయింది" అని బసలోనే మందు వేసుకుంటారు. వేళ మారినప్పుడు రాత్రి ఇన్సులిను ఏ గంటకు, ఎంత తీసుకోవాలో బయలుదేరక ముందే మీ వైద్యునితో కాగితం మీద రాయించుకోండి.

కాబట్టి బయట తినే రాత్రి భోజనానికి మందును గడియారంతో కాక పళ్ళెంతో ముడిపెట్టాలి. సూదిమందు, మాత్ర వెంట తీసుకువెళ్ళండి. మాత్ర పాస్తా బల్లమీదికి వచ్చినప్పుడు. భోజనానికి అరగంట ముందు వేసుకోవలసిన ఇన్సులిను అయితే, వడ్డన మొదలై రొట్టె ముక్క చేతికి వచ్చి, ఒక ముక్క తిన్నాక. అరగంట ఎడం లేకపోతే షుగరు కొంచెం పెరుగుతుంది, పెరగనివ్వండి. రానే రాని భోజనానికి వేసుకున్న సూదికన్నా అది ఎంతో మేలు. ఈ మాట రోముకే కాదు, పెళ్ళి విందులో రెండో బంతి కోసం కాచుకుని కూర్చునేవారికి కూడా వర్తిస్తుంది. మధ్యాహ్నానికీ రాత్రికీ ఎడం ఎక్కువ కాబట్టి సాయంత్రం ఐదింటికి ఏదైనా తినాలి. అక్కడ వీధి వీధికీ "బార్" అనే బోర్డు కనబడుతుంది. మనవాళ్ళు చూసి పక్కకు తప్పుకుంటారు. అది ముఖ్యంగా కాఫీ కొట్టు. పాలు, శాండ్‌విచ్ దొరుకుతాయి, పంచదార పొట్లాలు కూడా దొరుకుతాయి.

షుగరు పడిపోతే

చెమట, వణుకు, గుండెదడ, ఒక్కసారిగా ఆకలి, చిరాకు, మాట తడబడటం, చూపు మసకబారడం. అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి బీ.పీ. మాత్రలు వాడేవారిలో దడ, వణుకు సరిగా తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. ఎదురుగా కూర్చున్నవారే దీనిని ముందు గమనిస్తారు, అందుకని మనుమలకు కూడా చెప్పి ఉంచండి. గ్లూకోమీటరులో 70 మి.గ్రా. కన్నా తక్కువ ఉంటే, లేదా పరీక్షించే వీలు లేక అనుమానంగా ఉన్నా, వెంటనే 15 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించాలి. మూడు చెంచాల పంచదార లేదా అర గ్లాసు పండ్లరసం కూడా ఫరవాలేదు. పదిహేను నిమిషాల తరువాత మళ్ళీ పరీక్ష. ఇంకా తక్కువుంటే మళ్ళీ అంతే. తేరుకున్నాక రొట్టె, ఆపైన భోజనం. తిరమిసు, ఐస్‌క్రీము, చాకొలెట్ తీపివే కానీ వాటిలోని కొవ్వు చక్కెరను ఆలస్యంగా వదులుతుంది. అత్యవసరంలో అవి పనికిరావు.

ఒక ముఖ్యమైన సంగతి. మన దేశంలో రాసే షుగరు మాత్రలలో చాలావాటిలో వోగ్లిబోస్ లేదా అకార్బోస్ అనే మందు కలిసి ఉంటుంది. అది పేగులలో పంచదార విడిపోవడాన్ని ఆలస్యం చేస్తుంది. అలాంటివారికి పంచదార పెడితే షుగరు త్వరగా లేవదు, గ్లూకోజు పొడే కావాలి. మీ మాత్ర అట్ట మీద పేరు ఈ రోజే చదివి చూడండి. గ్లూకోజు పొట్లం చొక్కా జేబులోనో చేతి సంచిలోనో ఉండాలి, బసలోని సూట్‌కేసులో కాదు.

ఇక తినే సంగతి

పాస్తా అంటే మనవాళ్ళకు ఉన్నంత భయం అక్కరలేదు. ఇటలీలో దానిని గట్టి గోధుమ రవ్వతో చేసి, పంటికి తగిలేలా పలుకు మీద దించుతారు. దానికి వాళ్ళ పేరు "అల్ దెంతే". ఉడకలేదని వెనక్కి పంపకండి. మెత్తగా ఉడికించినదానికన్నా పలుకుగా ఉన్నది షుగరును నెమ్మదిగా పెంచుతుంది. ఒకరికి పెట్టే పళ్ళెంలో సాధారణంగా 80 నుంచి 100 గ్రాముల ఎండు పాస్తా ఉంటుంది. 80 గ్రాములలో సుమారు 60 గ్రాముల పిండిపదార్థం, అంటే 200 గ్రాముల వండిన అన్నంలో ఉన్నంత. రిజొట్టో అంటే అన్నమే. పొలెంత మొక్కజొన్న సంకటి, న్యోక్కి బంగాళాదుంప ఉండలు. ఈ మూడూ పాస్తాకన్నా త్వరగా షుగరును పెంచుతాయి.

పిజ్జా లెక్క వేరు. నేపుల్సు పద్ధతి పిజ్జాకు పిండి ముద్ద 180 నుంచి 250 గ్రాములు ఉండాలని ఐరోపా నిబంధనే ఉంది. 250 గ్రాముల ముద్దలో వంద గ్రాములకు పైగా పిండిపదార్థం ఉంటుంది. పైన జున్ను, నూనె ఉండడం వల్ల అరుగుదల ఆలస్యమవుతుంది. రెండు గంటలకు పరీక్షిస్తే బాగానే కనబడి, అర్ధరాత్రి దాటాక పెరుగుతుంది. షుగరు ఉన్నవారు మనుమరాలి పిజ్జాలో ఒకటి రెండు ముక్కలు తీసుకుని, తమకు చేప, కూరగాయలు చెప్పుకోవడం మంచిది.

వాళ్ళ వడ్డన వరుసలో పిండివంటకం ముందు, మాంసం, కూరగాయలు తరువాత. మన షుగరుకు కావలసింది దీనికి తలకిందులు. కూరగాయలు, చేప లేదా కోడి ముందు తిని పాస్తా తరువాత తింటే షుగరు అంత ఎత్తుకు లేవదు. ఉడికించిన పాలకూర, కాల్చిన వంకాయ, సలాడ్ ముందు తెమ్మని అడగవచ్చు, తెస్తారు. అయితే సూది ముందే పడి ఉంటే ఈ వరుస పాటించకండి. పాస్తా ఎప్పుడు వస్తే అప్పుడే తినండి. ఇద్దరికి ఒక పాస్తా చెప్పి ఖాళీ పళ్ళెం అడగడంలో నామోషీ ఏమీ లేదు. సెలవుల్లో ఒక్క తిరమిసు చెప్పి నలుగురూ నాలుగు చెంచాలు తింటే మేము కోప్పడము.

వైను మాత్రం షుగరు మందుతో పొసగదు. కాలేయం నిలవ ఉంచిన చక్కెరను విడుదల చేయడంతోపాటు, కొత్తగా తయారు చేసుకుంటుంది కూడా. మద్యం ఆ తయారీని అడ్డుకుంటుంది. ఖాళీ కడుపున, నడిచి వచ్చిన రోజున తాగితే నిద్రలోనే షుగరు పడిపోవచ్చు, ఎవరికీ తెలియదు. పడుకునే ముందు ఒకసారి పరీక్షించుకోండి.

మిగతావారి సంగతి క్లుప్తంగా. బీ.పీ. ఉన్నవారికి ప్రొషుత్తో, సలామి, ఆంచొవి చేపలు, ఆలివులు, పార్మెజాన్ జున్ను అన్నీ ఉప్పు గనులు. గర్భిణి అయిన కోడలు పచ్చి మాంసం కార్పాచ్చో, ఉడకని ప్రొషుత్తో, గొర్గొంజోలా జున్ను, పచ్చి గుడ్డుతో చేసే తిరమిసు వదిలిపెట్టాలి. పూర్తి శాకాహారులు తెలుసుకోవలసినది ఒకటుంది, అసలైన పార్మెజాన్‌ను దూడ కడుపులోని పదార్థంతో విరగదీస్తారు. వేరుశనగ, జీడిపప్పు, చేప, పాలు వంటివి పడనివారు ధైర్యంగా అడగవచ్చు. 2014 డిసెంబరు నుంచి ఐరోపా సమాఖ్యలో రెస్టారెంట్లు 14 రకాల పదార్థాల గురించి ఆ సమాచారం ఇవ్వాలన్నది చట్టం.

బయలుదేరే ముందు

ఇన్సులినును విమానంలో చేతి సంచిలోనే పెట్టుకోవాలి, సామానులో వేస్తే గడ్డకట్టి చెడిపోవచ్చు. మందుల చీటీ, వైద్యుని ఉత్తరం దగ్గర ఉండాలి. మన దగ్గర సీసాలలో వచ్చే ఇన్సులిను ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, సిరంజి కూడా దానికి తగినదే. ఐరోపాలో దొరికేది సాధారణంగా 100 యూనిట్లది. సీసా పోగొట్టుకుని అక్కడ కొత్తది కొని, మన సిరంజితోనే అదే గీత వరకు లాగితే రెండున్నర రెట్ల మోతాదు ఒంట్లోకి పోతుంది. ఇన్సులిను కొంటే సిరంజి కూడా అక్కడిదే కొనాలి. ఆకుపచ్చ శిలువ గుర్తు ఉన్న "ఫార్మాచియా"లో అడిగితే ఇస్తారు. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు గాని గ్లూకోజు గాని పోయవద్దు, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 112కు ఫోను చేయండి. "షుగరు, ఇన్సులిను" అన్న రెండు మాటలు చెబితే వాళ్ళకు అర్థమవుతుంది.