లోతు సముద్రపు నత్తగుల్లలను గుర్తుపట్టడం ఎలా?

విశాఖ చేపల రేవులోనో కాకినాడలోనో ట్రాల్ బోట్లు సరుకు దించేటప్పుడు పక్కన పడేసే చెత్త చేపల కుప్పను పరికించి చూడండి. ఒడ్డున ఏరుకునే గవ్వల్లో కనబడని గుల్లలు అందులో దొరుకుతాయి. పలచగా, సుద్దలా తెల్లగా ఉండేవి కొన్ని. వాటిలో కొన్నింటికి పైన ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు పొర ఉంటుంది. పశ్చిమ తీరంతో పోలిస్తే మన తూర్పు తీరంలో సముద్రగర్భపు అరుగు ఇరుకు. అది దాటగానే నేల వాలుగా లోతుకు దిగిపోతుంది. సాధారణంగా 200 మీటర్ల దిగువను లోతు సముద్రం అంటారు. మొక్కలు బతకడానికి చాలినంత వెలుతురు అక్కడ ఉండదు. 1,000 మీటర్లు దాటితే సూర్యకాంతి అసలే ఉండదు.

ఆ గుల్ల ఎవరిదో తేల్చడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దం, వెర్నియర్ కాలిపర్, మెత్తటి టూత్‌బ్రష్, పెన్సిల్, ఫోన్ కెమెరా చాలు. కావాల్సిందల్లా చూసే వరుస. చాలామంది ముందు రంగు చూస్తారు, తర్వాత పుస్తకంలో బొమ్మల పేజీలు తిప్పుతారు. ఆ పద్ధతిలో పదింట తొమ్మిదిసార్లు తప్పు పేరే వస్తుంది.

ముందు చీటీ

గుల్ల చేతికి రాగానే కడగకముందే చీటీ రాయండి. ఏ తేదీన, ఏ రేవులో, ఏ రకం వలకు, ఎంత లోతులో దొరికిందో అందులో ఉండాలి. లోతు సంగతి సరంగును అడగండి. ఆయన బారల్లో చెబుతాడు. బార అంటే సుమారు 1.8 మీటర్లు కాబట్టి 110 బారలు దాటితే 200 మీటర్లు దాటినట్టే. ఆయన చెప్పిన అంకెను చెప్పినట్టే రాసి, పక్కన మీటర్లు వేయండి. పెన్సిల్‌తోనే రాయండి. మామూలు సిరా తడికీ స్పిరిట్‌కీ చెరిగిపోతుంది. చీటీ గుల్లతోపాటే సంచిలో ఉండాలి, నోటుబుక్కులో మాత్రమే ఉంటే లాభం లేదు.

లోతును గుడ్డిగా నమ్మడానికీ లేదు. నత్త చచ్చాక ఖాళీ గుల్లలో సన్యాసి పీత దూరి దాన్ని ఎక్కడికైనా మోసుకుపోతుంది. ఒడ్డు గుల్లలు వాలు వెంట కిందికి జారతాయి. లోతు బురదలో దొరికే చిన్న, గాజులాంటి గుల్లలు కొన్ని అసలు పైనీటిలో ఈదుతూ బతికే టెరోపాడ్ నత్తలవి, చచ్చాక అడుక్కి చేరతాయి. అందుకే గుల్లలో ప్రాణమున్న నత్త ఉందా, పీత ఉందా, ఖాళీదా అన్నది చీటీలో తప్పక రాయండి.

రెండు జాగ్రత్తలు. ప్రాణంతో ఉన్న కోన్ నత్తను వేళ్లతో ముట్టవద్దు. దాని విషపు ముల్లు మనిషిని చంపగలదు. రెండోది చట్టం. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కొన్ని సముద్రపు గుల్లలకు రక్షణ ఉంది. నోటి కింద పొడవాటి సన్నటి కాలువ, కొన మీద ఉబ్బెత్తు బుడిపె ఉండే ట్యూడిక్లా, లోతు నీటి కోన్ అయిన కోనస్ మిల్నెఎడ్వర్డ్‌సీ ఆ కోవలోవే. అలాంటివి వలకు వస్తే ఫొటో తీసి వదిలేయండి. కొనడం, అమ్మడం, ఇంటికి తెచ్చుకోవడం కుదరదు.

శుభ్రం చేయడానికి మంచినీళ్లు, బ్రష్ చాలు. యాసిడ్ వద్దే వద్దు. అది మురికితోపాటు మీరు చూడాల్సిన సన్నటి గీతలను కూడా తినేస్తుంది. పైపొరను గీకకండి. గుల్ల నోటిని మూసే మూత దొరికితే పారేయకండి.

పట్టుకునే తీరు

కొన పైకి, నోరు మీ వైపు ఉండేలా పట్టుకోండి. నోరు మీ కుడిచేతి వైపు ఉంటే అది కుడిచుట్టు గుల్ల. నత్తల్లో అత్యధికం ఇవే. మనవాళ్లు ఎంతో అరుదైనదిగా భావించే దక్షిణావర్త శంఖం ఈ లెక్కన ఎడమచుట్టు గుల్ల అవుతుంది. పూజ సంప్రదాయంలో శంఖపు కాలువ కొసను పైకి పెట్టి చూస్తారు, శాస్త్రంలో దాన్ని కిందికి పెడతారు. తేడా అంతే. పుస్తకాల్లోని బొమ్మలన్నీ రెండో తీరులోనే ఉంటాయి కాబట్టి మీ ఫొటోలూ అలాగే తీయండి: నోటి వైపు ఒకటి, వీపు వైపు ఒకటి, కొన మీది నుంచి ఒకటి, పక్కన స్కేలు పెట్టి.

నోరు ఏం చెబుతుంది

నోటి కింది అంచు చూడండి. అక్కడ గండి గానీ, పొడవాటి కాలువ గానీ ఉంటే నత్త దానిగుండా ఊపిరి నాళాన్ని బయటికి చాచి నీటిని వాసన చూస్తూ వేటాడే రకం అయివుండే అవకాశం ఎక్కువ. కాలువ లేకుండా నోరు గుండ్రంగా ఉంటే చాలావరకు మేసేవో, బురదలోని పోషకాలు తినేవో. మినహాయింపులున్నాయి గానీ మొదటి వడపోతకు ఇది చాలు.

తర్వాత నోటి లోపలికి వెలుతురు పట్టండి. ముత్యపు మెరుపు కనిపిస్తే సగం పని అయినట్టే. ఆ పొర దాదాపు వెటిగాస్ట్రోపాడా అనే ప్రాచీన వర్గానికే సొంతం. లోతు నీటి కాలియోస్టోమాలో గుల్ల పలచగా ఉండటంతో ఆ మెరుపు బయటికే తొంగి చూస్తుంది. ఇదే వర్గంలో చీలిక గుల్లలున్నాయి. బయటి పెదవిలో పొడవాటి చీలిక, దాని గుండా వాడిన నీరు బయటికి పోతుంది. ఈ కుటుంబం శిలాజాల్లో తప్ప మిగల్లేదనుకున్నారు. 1856లో కరీబియన్ సముద్రపు లోతుల నుంచి వచ్చిన జాతిని వర్ణించాక ఆ మాట మారింది.

ఇక మీకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది, అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది టర్రిడ్ల గుంపు. మన వైపు వలల్లో వచ్చే ఉనెడోజెమ్యులా ఇండికాను చేతిలోకి తీసుకోండి. కదురాకారం, ఎత్తయిన శిఖరం, పొడవాటి కాలువ. ఇవి వేరే కుటుంబాల్లోనూ ఉంటాయి. అసలు గుర్తు బయటి పెదవి పైభాగంలో, రెండు చుట్లు కలిసే అతుకుకు కాస్త కింద ఉండే నొక్కు. నత్త మలాన్ని బయటికి పంపే దారి అది. వలలో నలిగి పెదవి విరిగిపోయిందా? కంగారు పడకండి. భూతద్దంతో చుట్ల మీది పెరుగుదల గీతలు చూడండి. పెదవి ఒకప్పుడు ఎక్కడెక్కడ ఉందో అవే చెబుతాయి. ప్రతి గీతా భుజం దగ్గరికి వచ్చేసరికి వెనక్కి వంగి, మళ్లీ ముందుకు వస్తుంది. ఆ వంపు ఎంత లోతుగా ఉంది, గట్టు మీద ఉందా, గట్టుకూ అతుకుకూ మధ్య ఉందా అన్నది రాసుకోండి. టర్రిడ్లలో రకాలను విడదీయడానికి ముందు పనికొచ్చేది ఇదే.

చుట్లు, కొన, బొడ్డు

చుట్ల మీది చెక్కడాన్ని రెండుగా విడదీయండి: నిలువుగా దిగే గట్లు, చుట్టూ తిరిగే గీతలు. మందమైన నిలువు మడతలుంటే లెక్కపెట్టండి. పెరుగుదల ఆగినచోట పెదవి దళసరెక్కి మిగిలిన గుర్తులవి. చుట్టుకు మూడుంటే మ్యూరెక్స్‌ను అనుమానించండి. ఎదురెదురుగా రెండేసి ఉండి, నోటి పైకొసన కూడా చిన్న కాలువ ఉంటే బర్సిడే కుటుంబం. గుల్ల మీద చిప్పలు, రాళ్లు అతికి ఉంటే అది చెత్త అనుకుని పీకకండి. జీనోఫోరా నత్త వాటిని తనే అతికించుకుంటుంది.

కొన చాలా విలువైన చోటు. అక్కడి మొదటి కొన్ని చుట్లు నత్త పిల్లగా ఉన్నప్పటివి. సన్నటి చుట్లు మూడు నాలుగు ఉంటే పిల్ల చాలాకాలం నీటిలో తేలుతూ తిని పెరిగిందని అర్థం. ఉబ్బెత్తుగా ఒకటిన్నర చుట్టు మాత్రమే ఉంటే గుడ్డులోని సొనతోనే ఎదిగిందన్నమాట. పైకి ఒకేలా ఉన్న రెండు గుల్లల్ని ఈ ఒక్క ఆనవాలు విడదీసిన సందర్భాలు చాలా. లోతు గుల్లల్లో కొన తరచు అరిగిపోయి ఉంటుంది కాబట్టి దొరికినవాటిలో చిన్నదాన్ని, లేతదాన్ని చూడండి.

అడుగున మధ్యలో బొడ్డులాంటి గుంట ఉందేమో చూడండి. ఆర్కిటెక్టానికా గుల్లను తిరగేస్తే బొడ్డు విశాలంగా, అంచున పూసలు పేర్చిన చుట్లతో కోనేటి మెట్లలా లోపలికి దిగుతుంది. దాన్ని చూసి పొరబడటం కష్టం.

పేరు పెట్టడం

ఇప్పుడు పైనుంచి కిందికి రండి: వర్గం, కుటుంబం, ప్రజాతి, జాతి. మొలస్కాబేస్ అనే ఉచిత డేటాబేస్‌లో ఇప్పటి చెల్లుబాటు పేరు సరిచూసుకోండి. పాత పుస్తకాల్లోని పేర్లు చాలావరకు మారాయి. పేరు తర్వాత (లినేయస్, 1767) అని కుండలీకరణంలో ఉంటే లినేయస్ ఆ జాతిని మొదట వేరే ప్రజాతిలో పెట్టాడని, తర్వాత దాన్ని మార్చారని అర్థం. బంగాళాఖాతపు లోతు గుల్లల తొలి వర్ణనల కోసం ఎడ్గర్ ఆల్బర్ట్ స్మిత్ రాసినవి వెతకండి. 19వ శతాబ్దం చివర ఇన్వెస్టిగేటర్ సర్వే ఓడ మన సముద్రాల అడుగు నుంచి తెచ్చిన నత్తలను ఆయన లండన్ బ్రిటిష్ మ్యూజియంలో పరిశీలించాడు.

గుల్ల అన్నీ చెప్పలేదు. ఒకప్పటి ఒకే టర్రిడే కుటుంబాన్ని 2011లో 13 కుటుంబాలుగా విడదీశారు. దానికి గుల్ల ఆకారం చాలలేదు, డీఎన్‌ఏ, నాలుక పళ్ల పరిశీలన అవసరమయ్యాయి. రంగు మరీ మోసం చేస్తుంది. హిందూ మహాసముద్రంలో వేడినీటి బుగ్గల దగ్గర, సుమారు 2,400 మీటర్ల లోతున 2001లో పొలుసుల పాదం నత్త దొరికింది. ఐరన్ సల్ఫైడ్ పూతతో నల్లగా ఉంటుంది. తర్వాత మరో బుగ్గ దగ్గర ఆ పూత లేని తెల్లటివి కనిపించాయి. రెండూ ఒకే జాతి, క్రైసోమాలన్ స్క్వామిఫెరమ్.

అందుకే ప్రజాతి దగ్గర ఆగిపోవాల్సి వస్తే ఆగండి. సిగ్గుపడాల్సిన పనేమీ లేదు, నిపుణులూ అదే చేస్తారు. గుల్లల్ని చెక్కపెట్టెల్లో, అట్టపెట్టెల్లో దాచకండి. వాటినుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి గుల్ల మీద తెల్లటి బూజులాంటి లవణాన్ని పుట్టించి చెక్కడాన్ని తినేస్తుంది. ప్లాస్టిక్ డబ్బాలే మంచివి. తేలనివాటి ఫొటోలూ కొలతలూ కోల్‌కతాలోని జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకో, విశాఖలోని సీఎంఎఫ్‌ఆర్‌ఐ కేంద్రానికో పంపి అడగండి. జవాబు వచ్చేదాకా చీటీ మీద ‘జాతి తెలియదు’ అనే ఉంచండి.