మ్రోగెడు తలుపు

విద్యార్థులారా! కారులో పాట వినుచుండగా, పాటతోపాటు తలుపు లోపలినుండి గరగరమను అపశ్రుతి యొకటి వినబడుట మీలో కొందరైనను గమనించియుందురు. పాటలో మృదంగమో డోలో గట్టిగా మ్రోగినప్పుడే యది హెచ్చును. అది యెక్కడ పుట్టుచున్నది? దానిని అణచుట యెట్లు? మేము తెలుగు పండితులము. భౌతికశాస్త్రము మేము బోధించు విషయము కాదు. ఐనను దీనిని వ్రాయుటకు ఒక కారణము కలిగినది.

ఈ పాఠశాలలోనే చదివిన యువకుడొకడు హోసూరు, బెంగళూరుల నడుమ బాడుగకారు నడుపుకొనుచున్నాడు. కారు అప్పుమీద కొన్నది. నెలనెల వాయిదా కట్టవలెను. అతడు గత వేసవిలో మా యింటికి వచ్చి, "సార్, ముందు తలుపులకు కొత్త స్పీకర్లు వేయిస్తిని. అయినా తలుపు గరగరమంటానే ఉంది. ఇంకా పెద్ద యాంప్లిఫయరు వేస్తే సరిపోతుందని అంగడాయన అంటాడు. ఏమి చేయమంటారు?" అని యడిగెను. ఆ యాంప్లిఫయరు వెల అతని యొక నెల వాయిదాకు తక్కువ కాదు. మేము వెంటనే జవాబు చెప్పలేక, మా మిత్రులైన భౌతికశాస్త్రోపాధ్యాయుల యొద్దకు అతనిని తోడ్కొని పోయితిమి. వారు కారు చుట్టును ఒకసారి తిరిగి, తలుపు నడుమ వ్రేలి కణుపుతో కొట్టిరి. అది ఖాళీ డబ్బావలె ఖంగున మ్రోగెను. "తప్పు స్పీకరుది కాదు, తలుపుది" అనిరి.

ఇంటిలోని కంచుపళ్ళెమును తీసికొని అంచుమీద కొట్టి చూడుడు. అది చాలసేపు మ్రోగును. మ్రోగుచుండగనే అరచేతితో తాకుడు, టక్కున ఆగును. పళ్ళెమునందున్న కంపనశక్తిని మీ చేతిలోని మెత్తని కండ గ్రహించి వేడిమిగా మార్చినది. ఆ వేడిమి అత్యల్పమగుటచే మీకు తెలియదు. దీనినే మీ పాఠ్యపుస్తకము అవరుద్ధ కంపనము అనుచున్నది. కారు తలుపునకు కావలసినది ఇట్టి అరచేయి!

తలుపు వెలుపలి రేకు మందము సుమారు 0.7 మిల్లీమీటరు మాత్రమే. అంత పలుచని విశాలమైన రేకునకు తనదైన సహజ పౌనఃపున్యములు కొన్ని యుండును. స్పీకరు తలుపునకే బిగింపబడియుండుటచే దాని కదలిక రేకును కూడ కదలించును. ఇవి బలాత్కృత కంపనములు. పాటలోని యొక స్వరము రేకు సహజ పౌనఃపున్యముతో కలిసినప్పుడు అనునాదము పుట్టును. అప్పుడు రేకు తానే యొక స్పీకరై, గాయకుడు పాడని స్వరమును పాడును. 1787లో క్లాడ్నీ యను జర్మను శాస్త్రజ్ఞుడు లోహపు పలకపై ఇసుక చల్లి, అంచును కమానుతో మ్రోగించి, కంపింపని రేఖలమీద ఇసుక ప్రోగగుటను గ్రంథరూపమున చూపెను. తలుపు రేకుపై ఇసుక నిలువదు గాని, నిలిచినచో అట్టి చిత్రములే కనబడును.

ఇక్కడ మృదంగము ప్రసక్తి విడువజాలము. వాద్యకారుడు కచేరీకి ముందు ఎడమవైపు చర్మమునకు తడిపిన రవముద్ద అంటించుట మీరు చూచియుందురు. బరువు పెరిగినకొలది చర్మపు స్వరము దిగును. కుడివైపున నల్లని గుండ్రని పూత యెప్పుడును ఉండును. ఆ పూతవలన చర్మపు ఉపస్వరములు శ్రుతిబద్ధములగుచున్నవని సి. వి. రామన్ గారు 1920లో ప్రకటించిరి. కంపించు తలముపై ఎచట ఏది యంటించిన నేమగునో మన వాద్యకారులకు చేతివ్రేళ్ళయందే తెలియును. ఐతే మృదంగమును మధురముగా పలికింపవలెను. కారు తలుపును పలుకకుండ చేయవలెను. అందువలన బరువు మాత్రమే చాలదు.

ఇందుకు వాడునది బ్యూటైల్ రబ్బరు పలక. ఈ రబ్బరును 1937లో అమెరికాలో కనుగొనిరి. గాలిని పోనీయని గుణముచే దీనిని చక్రముల ట్యూబులకు వాడుదురు. దీనికి మరియొక గుణము కలదు: సాగదీసి విడిచినచో, తాను గ్రహించిన శక్తిలో కొంత వేడిమిగా పోగొట్టి, మెల్లగా పూర్వరూపమునకు వచ్చును. సుమారు రెండు మిల్లీమీటర్ల రబ్బరుపై అల్యూమినియపు రేకు నంటించి పలకలుగా అమ్ముదురు. ఆ పైరేకు అందమునకై పెట్టినదని అతడు తలచెను. మేమును అట్లే తలచితిమి. అసలు కీలకమంతయు దానియందే యున్నది. తలుపు రేకు వంగునప్పుడు అల్యూమినియపు రేకు సాగనొల్లదు. రెంటి నడుమ చిక్కిన రబ్బరు ఒకవైపు లాగబడుచు, రెండవవైపు పట్టబడి, ప్రతి కంపనమునందును అడ్డముగా నలుగును. ఉట్టి రబ్బరుకన్న ఇట్లు బంధింపబడిన రబ్బరు కంపనమును అధికముగా హరించును. దీని గణితమును 1959లో ఎడ్వర్డ్ కెర్విన్ వివరించెను.

తారుతో చేసిన పలకలు చౌకగా దొరకును గాని మన యెండకు మెత్తబడి జారును, వాసనయు కొట్టును. కొనవలదని మా యభిప్రాయము.

ఒక ఆదివారము చింతచెట్టు నీడలో తలుపు లోపలి పలకను ఊడదీసితిమి. దాని వెనుక పలుచని ప్లాస్టిక్ కాగితము, దాని వెనుక పెద్ద పెద్ద రంధ్రములుగల లోపలి రేకు కనబడినవి. స్పీకరు నిజమైన కష్టము ఆ రంధ్రములే. స్పీకరు పొర ముందునకు కదలినప్పుడు ముందు గాలి నొక్కబడును, వెనుక గాలి పలుచబడును. ఈ రెండును పరస్పర విరుద్ధములు. రంధ్రములగుండా వెనుక తరంగము వచ్చి ముందు తరంగముతో కలిసినచో మంద్రస్వరములు ఒకదాని నొకటి చంపుకొనును. పాత రేడియో స్పీకరును ఉత్తచేత పట్టుకొని మ్రోగించి, పిమ్మట దానిని రంధ్రము చేసిన పెద్ద అట్టకు బిగించి మ్రోగించి చూడుడు. డోలు అప్పుడే వినబడును. కనుక పెద్ద రంధ్రములను పలుచని అల్యూమినియపు రేకుముక్కలతో మూసి, వానిపై బ్యూటైల్ పలక నంటించితిమి.

ప్రక్కింటివారు తలుపునిండ దూది కుక్కుమని సలహా చెప్పిరి. శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. 100 కంపనముల స్వరమునకు తరంగదైర్ఘ్యము 3.4 మీటర్లు. జానెడు మందములేని తలుపులోని దూది ఆ తరంగము నేమి పీల్చును? పైగా వానకు తడిసి నీరు పట్టి, తలుపును తుప్పుపట్టించును. పలకకును లోపలి రేకునకును నడుమ ఒరయు చోట్ల నీరు పీల్చని నురుగురబ్బరు సన్నగా అంటించిన చాలును.

వెలుపలి రేకును స్పిరిటుతో తుడిచి, ఆరిన పిమ్మట పలకలు పరచి, చేతిరోలరుతో గాలిబుడగలు లేకుండ గట్టిగా ఒత్తితిమి. బుడగ యున్నచోట రబ్బరు పనిచేయదు. రేకునంతయు కప్పనక్కరలేదు; విశాలమై బల్లపరుపుగానున్న నడిమి భాగములలో నాలుగవవంతు మొదలు సగమువరకు కప్పిన చాలును. చదరపు మీటరు పలక సుమారు మూడు కిలోగ్రాములు తూగును. ఊరక బరువు పెంచినచో తలుపు కీళ్ళకు శ్రమ.

ఇక్కడ మేమొక పొరపాటు చేయబోయితిమి. తలుపు అడుగున చిన్న రంధ్రములు కనబడగా, వానిని కూడ మూయవలెనని పలక కత్తిరించితిమి. మిత్రులు మా చేయి పట్టుకొనిరి. కిటికీ అద్దము ప్రక్కగా తలుపులోనికి దిగిన వాననీరు ఆ దారినే బయటకు పోవలెను. తలుపు మూసిన పిదప అద్దముమీద చెంబెడు నీరు పోసి చూచితిమి. అడుగునుండి ధారగా కారిన తరువాతనే మాకు నెమ్మది కలిగెను. అద్దమును పూర్తిగా దించి అది దేనికిని తగులకుండుటయు చూచుకొనవలెను. మరియు కొన్ని క్రొత్త కారులలో, ప్రక్కనుండి తగులు దెబ్బను కనిపెట్టుటకు తలుపులోని గాలి యొత్తిడిని కొలుచు పరికరముండును. అట్టి తలుపును తాకకమునుపు కారుతో నిచ్చిన పుస్తకమును చదువవలెను.

ఈ పనిచే బయటి హారను మోత మాయమగునని తలపరాదు. టైరుల రొద నేలగుండా వచ్చును, గాలిహోరు అద్దముగుండా వచ్చును. తగ్గునది తలుపు తన స్వంతముగా చేయు రొద.

మరునాడు సాయంకాలము అతడు కారును బడివద్దకు తెచ్చెను. పదవ తరగతి పిల్లలను కన్నులు మూసికొనుడని చెప్పి, ముందు తలుపును, వెనుక తలుపును వ్రేలితో కొట్టితిమి. ఒకటి దబ్బుమనెను, ఒకటి ఖంగుమనెను. ఏది యేదో చెప్పుటలో ఒక్కరును తప్పలేదు. పాట పెట్టగా గరగర లేదు. డోలు దెబ్బ దేనికదే విడిగా వినబడెను. మునుపటికన్న శబ్దము తగ్గించియే పెట్టుకొన్నానని అతడు చెప్పెను. యాంప్లిఫయరు కొనలేదు, ఆ నెల వాయిదా తప్పలేదు. వెనుక తలుపులు రెండును ఇప్పటికిని ఖంగుమనుచునే యున్నవి. వానిని దసరా సెలవులలో విప్పుదమని అతడు మాకు కబురుచేసెను.