జీవేశ్వర విచారము

న్యాయస్థానములలో నొక్క యక్షరము దస్తావేజు నర్థమును మార్చుట మేము పలుమాఱు చూచితిమి. ఛాందోగ్యోపనిషత్తునందు ఉద్దాలకుఁడు కుమారుఁడగు శ్వేతకేతువునకుఁ జేసిన యుపదేశమునకును ఇట్టి గతియే పట్టినది. తత్త్వమసి యను నా మహావాక్యము జీవబ్రహ్మముల యభేదమును జెప్పునని యద్వైతులు గ్రహించిరి. జీవుఁడు శరీరము, అందలి యంతర్యామి శరీరి. కావున 'నీవు' అను పదము ఆ యంతర్యామి వఱకును బోవునని రామానుజులు వివరించిరి. మధ్వాచార్యులు ముందున్న 'ఆత్మా' యను పదముతోడి సంధిని విడఁదీయుచు నొక అకారమును జూపి, 'అతత్' అని పదచ్ఛేదము చేసి, నీవు అది కావని యర్థము చెప్పిరి. వాక్య మొక్కటియే, తీర్పులు మూఁడు.

ఈ భేదము పండితుల కాలక్షేపమునకే గాని గృహస్థుల కేమి పని యని మా మిత్రులు కొందఱందురు. మే మట్లు తలఁపము. కలికిరి, వాయల్పాడు, మదనపల్లె ప్రాంతముల చరిత్రమునే చూడుఁడు.

తరిగొండ గ్రామమునఁ బుట్టి 1817లో సమాధి చెందిన వెంగమాంబ బాల్యముననే భర్తను గోల్పోయెను. ఆమె కేశఖండనమున కొప్పుకొనలేదనియు, పరమేశ్వరుఁడే తనకు భర్త యని బదులు చెప్పెననియు జనశ్రుతి గలదు. ఆమె తరిగొండ నృసింహస్వామి భక్తురాలు. పిదపఁ దిరుమల చేరి వేంకటాచల మాహాత్మ్యమును రచించెను. నేఁటికిని తిరుమలలో ఏకాంతసేవ వేళ ఆమె పేర ముత్యాలహారతి జరుగుచున్నది. ఈ భక్తిలో స్వామి వేఱు, దాసి వేఱు. అయినను ఆమెయే రాజయోగామృతసారమును, వాసిష్ఠరామాయణమును వ్రాసెను. రెండవదానికి మూలమగు జ్ఞానవాసిష్ఠము అభేదమును బోధించు గ్రంథము. ఇందు వైరుధ్యము గలదా? మా యభిప్రాయమున ఆమెకు రెండును గావలసియే యుండెను. ఈశ్వరుని భర్త యని పిలుచుటకు ఆతఁడు వేఱుగా నుండవలెను. దేహమునకుఁ జేయు నవమానము ఆత్మ నంటదని నిలుచుటకు ఆత్మస్వరూప మెఱుఁగవలెను.

మఱి యామెను నిర్బంధింపఁ జూచినవారి మాట యేమి? సర్వభూతములందును ఆత్మ యొక్కటియే యని పారాయణము చేయువారు విధవ శిరస్సుకడ మాత్రము భేదము పాటించుట యెట్లు? పరమార్థమున నభేదము, వ్యవహారమున భేదము అని వారి సమాధానము. ఈ సమాధానము తర్కమునకుఁ జక్కఁగా నిలుచును. విధవకు మాత్ర మేమియు మేలు చేయదు.

బ్రహ్మసమాజమునందును ఏకాభిప్రాయము లేకుండెనని యొప్పుకొనవలెను. రామమోహనరాయలు 1815లో వేదాంతసూత్రములను వంగభాషలో వివరించునపుడు శంకరులనే యనుసరించిరి. దేవేంద్రనాథ ఠాకూరుగారో, ఉపాసకుఁడును ఉపాస్యుఁడును ఒక్కటియైనచో ఉపాసన యెక్కడిదని యద్వైతమును విడిచిరి. వారి కుమారుఁడు రవీంద్రనాథులు 1919లో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు విచ్చేసి, అచ్చటనే జనగణమన గీతమును ఆంగ్లమునకుఁ బరివర్తించిరి. మార్గరెట్ కజిన్సుగారు దాని స్వరములను వ్రాసియుంచిరి. 1912లో తత్త్వబోధినీ పత్రికయందు బ్రహ్మసంగీతముగాఁ బ్రకటితమైన పాట యది. ఆ గీతమంతయు నొక సంబోధనము. పిలువఁబడువాఁడు వేఱుగా లేనిచో పాటయే లేదు.

అదే మదనపల్లెలో 1895లో జిడ్డు కృష్ణమూర్తిగారు జన్మించిరి. ఆత్మ జన్మపరంపరచేఁ బరిణతి చెందుననియు, జగద్గురువు రానున్నాఁడనియు దివ్యజ్ఞానసమాజమువారు బోధించి, ఈయననే యా గురువునకు వాహనముగా నెన్నిరి. 1929 ఆగస్టు 3న హాలెండు దేశమందలి ఓమెనునందు ఆయన తన కొఱకు నెలకొల్పఁబడిన నక్షత్రసంఘమును దానే రద్దుచేసి, గురువుగాని మతసంస్థగాని సత్యమునకు దారి చూపఁజాలదనెను. ఏర్డె కోటను దాని దాతకే తిరిగి యిచ్చివేసిరి. త్యాగమును బత్రికలయందు వ్రాయువారు పలువురు గలరు. దస్తావేజు మరల వ్రాసి యిచ్చువా రరుదు. శాశ్వతమగు ఆత్మ యను భావము సైతము తలఁపు కల్పించినదే యని యాయన పిదప వాదించిరి.

పీఠాధికారమును గూర్చి యాయన చెప్పినదంతయు మాకు సమ్మతమే. వెంగమాంబకు నది మంచి జవాబుగా నుపకరించియుండును. అయితే ఆమె యా యధికారము నెదిరించినది తలఁపుల పరిశీలనచేఁ గాదు, పిలిచినఁ బలుకువాఁ డొకఁడు కలఁడను నమ్మకముచేత. కృష్ణమూర్తిగారి వాదమునకు మేము తలయొగ్గలేనిది ఇచ్చటనే.