సభ్యుల పాఠం: ఒకే ట్యాంకులో అందరి పాలు



వెనుకటి రోజుల్లో పాలు విరిగితే ఒకటి రెండు క్యాన్లు పోయేవి. ఆ నష్టం ఆ ఊరితోనే ఆగేది. ఇప్పుడు చాలా చోట్ల నాలుగైదు ఊళ్ల పాలు ఒకే బల్క్ కూలరులో చేరి, నాలుగు డిగ్రీలకు చల్లబడి, ట్యాంకరులో పట్నం పోతున్నవి. ఏర్పాటు మంచిదే. సాయంత్రం పాలు తెల్లవారేదాకా చెడకుండా నిలుస్తున్నవి. అయితే ఒక ఇంటి పొరపాటు ఇప్పుడు నాలుగు ఊళ్లకు చుట్టుకుంటున్నది. ఇలాంటి రోజుల్లో సంఘానికి నాయకత్వం వహించవలసినది ఎవరు?

ఒక ఉదాహరణ చూద్దాం. గేదెకు పొదుగువాపు వచ్చింది. డాక్టరుగారు యాంటీబయాటిక్ మందు ఎక్కించారు. ఆ మందు పాలలోకి దిగుతుంది. కాచినా పూర్తిగా పోదు. తోడు పెడితే పాలు సరిగా తోడుకోవు. అందువల్ల ఒక్క చన్నుకే మందు ఎక్కించినా, డాక్టరుగారు చెప్పిన గడువు తీరేదాకా ఆ గేదె నాలుగు చన్నుల పాలూ కేంద్రంలో పోయరాదు. మిగతా గేదెలను ముందుగా, వేరే గిన్నెలో పితికి పోయవచ్చు.

ఈ మందును లాక్టోమీటరు పట్టుకోలేదు. వెన్న పరీక్షకూ అందదు. అధ్యక్షులకు, కార్యదర్శికి, టెస్టరుకు ఎవరికీ తెలియదు. తెలిసినది ఆ గేదెను పితికిన ఇల్లాలికే. ఆ పూటకు సంఘం మంచిచెడ్డలు ఆమె చేతిలో ఉన్నవి. ఆ పూటకు ఆమే నాయకురాలు.

మరి ఆమె ఉన్నమాట చెబితే జరిగేదేమిటి? బిల్లు తగ్గుతుంది. దాణా బాకీ మాత్రం తగ్గదు. చెప్పినవారికి నష్టం, దాచినవారికి లాభం అయ్యేచోట దాచినవారిని తిట్టి ప్రయోజనం లేదు. ఆ పరిస్థితిని మార్చవలసినది పాలకవర్గమే. ముందుగా చెప్పిన సభ్యుల దాణా బాకీని తరువాతి బిల్లుకు వాయిదా వేయవచ్చు. ఉపనిబంధనలు అనుమతిస్తే మిగులు నిధి నుండి కొంత సాయమూ చేయవచ్చు. జబ్బు వచ్చాక మనిషిని బట్టి కాక, ముందే అందరికీ ఒకే నియమం ఉండాలి.

తెలిసినవారి మాట వినే ఈ పద్ధతి సహకార రంగానికి కొత్తది కాదు. 1946 జనవరిలో గుజరాత్‌లోని ఖేడా జిల్లా రైతులు సమర్ఖా గ్రామంలో సమావేశమై, తరువాత పదిహేను రోజులు పాలు అమ్మకుండా నిలబడ్డారు. ఆ ఏడాది డిసెంబరు 14న వారి యూనియన్ రిజిస్టరైంది. అధ్యక్షులు త్రిభువన్‌దాస్ పటేల్‌గారికి ఊళ్లు తెలుసు, మనుషులు తెలుసు. 1949లో ఆనంద్ చేరిన కురియన్‌గారు కేరళకు చెందిన ఇంజనీరు. చలికాలంలో పాలు ఎక్కువై, బొంబాయి అంతా తీసుకోలేకపోయేది. గేదె పాలను పొడి చేయడం సాధ్యం కాదని విదేశీ నిపుణులు అనేవారు. సాధ్యమేనని దలాయాగారు చేసి చూపారు. 1955లో ఆనంద్‌లో పాలపొడి ఫ్యాక్టరీ ప్రారంభమైంది. ఈ ముగ్గురిలో గొప్పవారెవరని వాదించుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ వాదన మాకు పనికిరాదు. ఊరి సంగతి అధ్యక్షులకు, ఫ్యాక్టరీ సంగతి ఇంజనీర్లకు వదలి, ఒకరి పనిలో ఒకరు అడ్డురాకుండా సాగారన్నదే మనకు కావలసిన సంగతి.

ఊరి బయట జరిగేవీ మన బిల్లును తాకుతున్నవి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి హోటళ్లు, టీ కొట్లు, మిఠాయి దుకాణాలు మూతపడినవి. గేదెలు మాత్రం పాలివ్వడం మానలేదు. మిగిలిన పాలను యూనియన్లు పొడిగా, వెన్నగా మార్చినవి. పొడి నిల్వలు పెరిగి దాని ధర పడిపోయింది. ఇలాంటప్పుడు కారణం చెప్పకుండా ధర తగ్గిస్తే సభ్యులు బయటి వ్యాపారి వైపు చూస్తారు, అది సహజం. ధర మారుతున్నదని, ఎందుకు మారుతున్నదో, బిల్లుకు ముందే కేంద్రం బల్లమీద రాయించాలి. చదవలేనివారికి పాలు పోసే వేళ కార్యదర్శి చదివి వినిపించాలి.

వచ్చే సర్వసభ్య సమావేశానికి ఈ రెండు అంశాలూ అజెండాలో చేర్చవలసిందిగా పాలకవర్గాలను కోరుతున్నాము. అంతవరకు ప్రతి కేంద్రంలోనూ ఒక నోటుపుస్తకం తెరవండి. పశువుకు మందు వేసిన తేదీ, మందు పేరు, మళ్లీ పాలు పోయవలసిన తేదీ, ఈ మూడూ రాస్తే చాలు.