మన పాటల రేడియో

"నాకేం పాటలొచ్చమ్మా?" అంటాం. కానీ కలుపు తీస్తుంటే పాట వస్తుంది. నాట్లు వేస్తుంటే పాట వస్తుంది. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు పాట ఆగనే ఆగదు. ఇవి పుస్తకం చూసి నేర్చినవి కావు. అమ్మ పాడితే విన్నాం. అత్త పాడితే అందుకున్నాం.

అయితే పని పోతే పాటా పోతుంది. ఊళ్లోకి పిండిమర వచ్చింది. తిరగలి మూలన పడింది. రెక్కల నొప్పి తగ్గింది, మంచిదే. మరి తిరగలి పాటలు ఇప్పుడు ఎంతమందికి వచ్చు?

ఇలాంటి పాటలు వినిపించడానికి ఆడవాళ్లే ఒక రేడియో పెట్టుకున్నారు. దాని పేరు సంఘం రేడియో. ఊరు మాచనూరు. జహీరాబాద్ దగ్గర ఉంది. అప్పుడది మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ ఊరూరా మహిళా సంఘాలు పెట్టింది. సంఘాల్లో చాలామంది దళిత స్త్రీలు. మెట్ట చేలల్లో జొన్న, కొర్ర, సామ, కంది పండించేవాళ్లు.

రేడియోకు ఏం కావాలి? మైకు కావాలి. రికార్డు చేసే గది కావాలి. మాటను గాలిలోకి పంపే టవర్ కావాలి. వీటితో పాటు సర్కారు అనుమతి కావాలి. చిక్కంతా అక్కడే వచ్చింది.

రేడియో మాట గాలిలో అలల మీద పోతుంది. ఆ అలలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పు వచ్చింది గానీ అనుమతి రాలేదు. 1990ల చివర్లో యునెస్కో అనే ప్రపంచ సంస్థ సాయం చేసింది. మాచనూరులో గది, మిషన్లు సిద్ధమయ్యాయి. గది ఉంది. పాట ఉంది. గాలిలోకి వదిలే హక్కు లేదు!

వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పాటలూ మాటలూ క్యాసెట్లలో పట్టారు. సంఘం మీటింగుల్లో వాటిని వేసి వినిపించారు. ఏళ్లు గడిచాయి. 2002లో చదువుల సంస్థలకు రేడియో పెట్టుకునే వీలిచ్చారు. చేలో పనిచేసేవాళ్లకు మాత్రం ఇవ్వలేదు. 2006లో స్వచ్ఛంద సంస్థలకూ దారి దొరికింది.

2008 అక్టోబర్ 15న సంఘం రేడియో పలికింది. అది గ్రామీణ మహిళల దినం. ప్రారంభించింది జస్టిస్ పి.బి. సావంత్. 1995 తీర్పు చెప్పిన జడ్జీల్లో ఆయన ఒకరు.

రేడియో ముల్లు 90.4 మీద పెడితే చుట్టుపక్కల ఊళ్లకు వినపడేది. ఈ పని భుజానికెత్తుకున్నది ఇద్దరు దళిత స్త్రీలు. ఇద్దరి పేరూ నర్సమ్మే! ఒకామె ఆల్గోల్ నర్సమ్మ, ఇంకొకామె జనరల్ నర్సమ్మ. రికార్డు చేయడం, అక్కర్లేనిది కత్తిరించడం, మైకులో మాట్లాడటం అన్నీ నేర్చుకున్నారు.

విత్తనం ఎలా దాచాలి, ఏ తిండి బలం, పసరు మందులేంటి అని మాట్లాడుకునేవారు. నడుమ నడుమ పాటలు. భాష మాత్రం పట్నపు భాష కాదు. ఇంట్లో ఎలా మాట్లాడతారో మైకులోనూ అంతే. నాకైతే అదే పెద్ద సంగతి అనిపిస్తుంది.

ఇక మీకో పని. మీ వాడలో తిరగలి పాట వచ్చిన పెద్దమ్మ ఉందా? ఆమె దగ్గర కూర్చోండి. పాడించండి. రెండు చరణాలు మీ నోటుబుక్కులో రాయండి.