తేట సౌండు, పగిలిన సౌండు

ధ్వని పాఠంలో మనకు కంపన పరిమితి అని వచ్చింది కదా. గిటారు ఆంప్లిఫయరు అర్థం కావడానికి అదే చాలు.

ఎలక్ట్రిక్ గిటారు స్టీలు తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి తీగ ఉంటాయి. పైతీగ కదిలితే చాలా చిన్న కరెంటు పుడుతుంది. ఆంప్లిఫయరు దాన్ని పెద్దది చేసి స్పీకరుకు పంపిస్తుంది. తరంగం ఆకారం మారకుండా పెద్దదైతే తేట సౌండు. ఆంప్లిఫయరు ఇవ్వగలిగినంత ఇచ్చేశాక ఇంకా పెంచితే తరంగం కొనలు తెగిపోతాయి, కొండ నెత్తి నరికినట్టు. అప్పుడు అసలు స్వరంతోపాటు దానికి మూడు రెట్లు, అయిదు రెట్లు పౌనఃపున్యాలు కూడా గట్టిగా వస్తాయి. అదే బరబరమనే పగిలిన సౌండు. డిస్టార్షన్ అంటారు.

పగిలితే చెడ్డదనుకోకండి. అమెరికాలో ఫెండర్ ఆంప్లిఫయర్లు చేసిన లియో ఫెండర్ గారు రేడియోలు బాగుచేసే ఆయన. ఆయనకి గిటారు వాయించడమే రాదు! ఆయన తేట సౌండు కోసమే కష్టపడ్డారు. లండన్‌లో డ్రమ్ములు నేర్పే జిమ్ మార్షల్ గారి షాపులో 1962లో ఫెండర్ బాస్‌మ్యాన్‌ని చూసి దాదాపు అలాంటిదే చేశారు. కానీ వాల్వులు వేరే, స్పీకర్లు వేరే. ఫెండర్‌లో 10 అంగుళాలవి, వెనక తెరిచిన పెట్టె. మార్షల్‌కి 12 అంగుళాలవి, వెనక మూసిన పెట్టె. అందుకని మార్షల్ తొందరగా, బొంగురుగా పగిలింది. రాక్ వాళ్ళకి అదే నచ్చింది. ఇంగ్లండులోనే డేవ్ డేవిస్ అనే ఆయన 1964 పాట కోసం స్పీకరు కాగితాన్ని బ్లేడుతో కోశాడు. మన దగ్గర ఎవరూ చెయ్యొద్దు!

మన హాస్టలు ఆంప్లిఫయరులో వాల్వులు లేవు, ట్రాన్సిస్టర్లే. మనవాళ్ళు అన్ని నాబ్‌లూ 10 మీద పెట్టేస్తారు. తేట సౌండుకి గెయిన్ 2 చాలు, వాల్యూమ్ ఎంత కావాలంటే అంత. బాస్, మిడిల్, ట్రెబుల్ మూడూ 5 మీద పెట్టి, బొయ్యిమంటే బాస్, చెవిలో గుచ్చుకుంటే ట్రెబుల్ తగ్గించాలి. పగిలిన సౌండుకి గెయిన్ 6, కానీ వాల్యూమ్ తగ్గించాలి. మిడిల్ మాత్రం తగ్గించొద్దు. గదిలో బాగానే ఉంటుంది, డోలు మోగగానే గిటారు మాయం. ఆరు తీగలూ కలిపి మీటితే గుజ్జు గుజ్జు అవుతుంది, రెండు తీగలే మీటాలి.

ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి మనం కోయ పాట పాడాలి. పోయినసారి గిటారు గోలలో మాటలు వినపడలేదు. మా అమ్మయితే "పాట ఎప్పుడు మొదలెట్టారే?" అని అడిగింది. అందుకే ఈసారి గిటారు వద్దంటున్నారు. నేననేది, పాటకి తేట సౌండు పెడదాం, డోలు ఒక్కటే మోగేచోట పగిలినది. మాటిమాటికీ నాబ్ తిప్పక్కర్లేదు. గిటారు మీది వాల్యూమ్ తగ్గిస్తే లోపలికెళ్ళే కరెంటు తగ్గి, చాలావరకు తేట అయిపోతుంది. వార్డెన్ మేడమ్ గారు ఆదివారం సాయంత్రం అరగంట ఇస్తే చేసి చూపిస్తాం. అక్కలూ, చెల్లెళ్ళూ, మీరు వెనక వరసలో కూర్చుని మాట వినపడుతోందో లేదో చెప్పండి.