నాలుగు ద్వారముల మందిరము

దేవాలయమునకు ద్వారములుండుట జనులను లోపలికి రానిచ్చుటకా, వెలుపల నిలుపుటకా? ఈ ప్రశ్నము వింతగా దోచవచ్చును గాని, మన దేశచరిత్రమును జూచినచో దీనికి సమాధానము చెప్పుట యంత సులభము గాదని తెలియును. పంజాబునందలి అమృతసర నగరమున సిక్కుల హరిమందిరము కలదు. లోకులు దానిని స్వర్ణదేవాలయమందురు. ఈ పాఠమున మేము ఆ మందిరముయొక్క బంగారమును గూర్చి గాక, దాని ద్వారములను గూర్చి విచారింపదలచితిమి.

సిక్కుల నాలుగవ గురువైన రామదాసు 1577వ సంవత్సరమున నచ్చట నొక తటాకమును ద్రవ్వించెను. తటాకముయొక్క పేరే దానిచుట్టు పెరిగిన పట్టణమునకును నిలిచెను. ఆయన కుమారుడును ఐదవ గురువునగు అర్జునదేవుడు ఆ జలమధ్యమున మందిరమును గట్టించెను. లాహోరునందు నివసించిన మియాన్ మీరను మహమ్మదీయ సాధువు దానికి పునాదిరాయి వేసెనని యొక యైతిహ్యము కలదు. సామాన్యముగా నాలయములు ఎత్తైన పీఠముపై నుండును. భక్తులు మెట్లెక్కి పోవుదురు. ఇచ్చట నట్లు గాదు. చుట్టునున్న నేలకంటె మందిరము తగ్గున నున్నందున, ఎంతటి ప్రభువైనను మెట్లు దిగియే పోవలయును. దానికి నాలుగు దిక్కుల నాలుగు ద్వారములున్నవి. ఏ దిక్కువాడైనను, ఏ వర్ణమువాడైనను సమానముగా రావచ్చుననుట వాని భావమని సిక్కులు చెప్పుదురు.

1604వ సంవత్సరమున అర్జునదేవుడు తాను కూర్పించిన యాదిగ్రంథమును అందు ప్రతిష్ఠించెను. ఆ గ్రంథమున గురువుల గీతములతోడనే, నేతపనివాడైన కబీరు, చర్మకారుడైన రవిదాసు, మహారాష్ట్రుడైన నామదేవుడు, మహమ్మదీయుడైన ఫరీదు మొదలగువారి గీతములును చేర్పబడినవి. మందిరముచెంత లంగరను భోజనశాల గలదు. అందు రాజును పేదయు నేలపై నొకే పంక్తిని గూర్చుండి భుజింపవలెను. గోధుమపిండి, నెయ్యి, చక్కెర చేర్చి వండిన కడా ప్రసాదమును ఒకే పాత్రనుండి అందరి చేతులకును బంచిపెట్టుదురు. కాబట్టి ద్వారము, గ్రంథము, పంక్తి అను మూడును ఇచ్చట నొక్క ధర్మమునే బోధించుచున్నవి.

ఈ మందిరము పెక్కుమారులు విపత్తులకు లోనయ్యెను. 1762లో అహమదుషా అబ్దాలీ సైనికులు దానిని తుపాకిమందుతో గూల్చిరి. సిక్కులు దానిని మరల గట్టుకొనిరి. పందొమ్మిదవ శతాబ్దారంభమున మహారాజా రంజిత్ సింగు చలువరాళ్లతోను, బంగారుపూత గల రాగి రేకులతోను దాని నలంకరించెను. 1984 జూను మాసమున నచ్చట జరిగిన సైనికచర్యలో మందిరమున కెదుటనున్న అకాల్ తఖ్తు మిగుల ధ్వంసమయ్యెను. అదియు మరల నిర్మింపబడెను. రాళ్లు పడిపోయినచో నందరికిని గనబడును. ధనము కూర్చి మరల గట్టవచ్చును. కాని గోడలు చెక్కుచెదరకుండ లోనిధర్మమే కూలిపోయినప్పుడు దానిని గనిపెట్టువారరుదు. హరిమందిరమున కట్టి విపత్తును సంభవించెను.

1849లో ఆంగ్లేయులు పంజాబును వశపరచుకొన్న పిదప, మందిరనిర్వాహకుని నియామకము ప్రభుత్వముచేతిలోనికి బోయెను. అర్చకత్వము వంశపరంపరాగతమయ్యెను. గురువులు విగ్రహారాధన నంగీకరింపకపోయినను, మందిరప్రదక్షిణమార్గమున విగ్రహములు చేరెను. 1905వ సంవత్సరముననే వానిని దొలగించిరి. అంతకంటె శోచనీయమైన విషయ మొకటి కలదు. అంటరానివారని యెంచబడిన కులములనుండి సిక్కులైనవారు తెచ్చిన ప్రసాదమును అర్చకులు స్వీకరింపరైరి. చర్మకారుని గీతమును గానము చేయు నోటితోడనే చర్మకారుని ప్రసాదమును నిరాకరించిరి! ద్వారములు మాత్రము నాలుగును తెరచియే యున్నవి.

1920 అక్టోబరు 12వ తేదీన ఈ యన్యాయమునకు బరీక్ష గలిగెను. ఖాల్సా బిరాదరీ యను సంఘముయొక్క సభలో దీక్ష పొందిన యట్టివారు కొందరు, ఖాల్సా కళాశాలాధ్యాపకులు మొదలగు సంస్కర్తలు తోడురాగా, ప్రసాదమును గొని మందిరమునకు బోయిరి. అర్చకులు దానిని స్వీకరింపమనిరి. వాదము పెరిగెను. తుదకు గ్రంథమును దెరచి, అందు గనబడిన గీతమునే తీర్పుగా గైకొనుటకు నిశ్చయించిరి. గుణహీనులను సైతము భగవంతుడు తన కృపచే క్షమించి గురుసేవయందు నిలుపునను భావముగల గీతము వెలువడెను. అర్చకులు మారు పలుకలేక ప్రసాదమును స్వీకరించిరి. పిమ్మట సంస్కర్తలు అకాల్ తఖ్తునకు బోవగా, అచ్చటి యర్చకులు స్థానమును విడిచిపోయిరి.

ఆ సంవత్సరము నవంబరులోనే గురుద్వారముల నిర్వహణమునకై శిరోమణి గురుద్వారా ప్రబంధక సంఘమేర్పడెను. 1921 నవంబరులో ప్రభుత్వమువారు మందిర కోశాగారపు తాళపుచెవులను దీసికొనగా సిక్కులు చెరసాలలకు వెరవక ప్రతిఘటించిరి. 1922 జనవరిలో వానిని మరల బొందిరి. 1925లో గురుద్వారా శాసనము వెలువడి, నిర్వహణము ఎన్నికలద్వారా నేర్పడు సంఘమున కప్పగింపబడెను. ఆ యెన్నికలలో స్త్రీలకును సమ్మతిహక్కు లభించెను.

ఈ వృత్తాంతమునుండి మనము గ్రహింపవలసినదేమి? సంస్కర్తలు క్రొత్త ధర్మము నేదియు దేలేదు. మందిరమధ్యమున నున్న గ్రంథమునే సాక్షిగా బిలిచిరి, ఆచారము ఓడిపోయెను. సంస్కరణమన పూర్వుల దూషించుటయని భయపడు సజ్జనులు ఈ యంశమును గమనింతురు గాక. అర్చకులు గాపాడుచున్నది పూర్వధర్మము గాదు. దానిని గప్పివేసిన దుమ్మును మాత్రమే.

అయినను ద్వారము నొకమారు తెరచిన మాత్రమున నది యెప్పటికిని తెరచియుండునని నిశ్చింతగా నుండరాదు. హరిమందిరగర్భమున గీర్తనము చేయుటకు స్త్రీలకును అవకాశమీయవలెనని 2019లో పంజాబు శాసనసభ తీర్మానించి కోరవలసివచ్చెను. స్త్రీపురుషుల సమత్వమును బోధించిన గురువుల మందిరమునందును ఆ ప్రశ్నము మిగిలియుండుటను జూచి యితరులను నిందించుటకంటె, మనలను మనము పరీక్షించుకొనుట మేలు. మన పవిత్రగ్రంథములలో మనము నిత్యము పఠించు నేవాక్యము మన గడపయొద్దనే యాగిపోవుచున్నది? మన పంక్తిలో నెవరికి విస్తరి లేదు? ఈ రెండు ప్రశ్నములకును దాపరికము లేక యుత్తరము చెప్పుకొనగలవానికే యా నాలుగు ద్వారములయర్థము బోధపడును.